ఈ బీటుకి ఈసీ ఉందా?

(చెన్నై సాలిగ్రామంలో ఒక రిహార్సల్ హాల్లో, ఇక్కడి తెలుగు ఇండిపెండెంట్ సంగీతకారులు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం ఒక బీట్ ప్రొడ్యూసర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. రోజంతా గదిలో ఒక్కడినే కూర్చుని చేసే పని కదా, నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకే తెలీదు.

ముందు ఒక ఫోన్ కాల్ సంగతి చెబుతాను. వలసరవాక్కంలో ఉండే ఒక కుర్రాడు, నెల్లూరు వైపు వాడు, నా దగ్గర 1,500 రూపాయలిచ్చి ఒక బీటు, అంటే పైన పాడుకోవడానికి ముందే చేసిపెట్టిన మ్యూజిక్ ట్రాకు, లీజుకి తీసుకున్నాడు. పాట చేసుకున్నాడు, యూట్యూబ్‌లో పెట్టుకున్నాడు, బాగానే ఉంది. గడువు అయిపోగానే ఫోన్ చేసి, "అన్నా, లీజు అయిపోయింది కదా, నా డబ్బులు ఎప్పుడిస్తావు?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆ తర్వాత వాడిది తప్పేమీ లేదనిపించింది. ఈ ఊళ్లో లీజు ఇల్లంటే ఏమిటో మీకు తెలుసు. ఓనరు చేతిలో ఏడెనిమిది లక్షలు ఒకేసారి పెడతాం, నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మన డబ్బు మనకిచ్చేస్తారు. వాడు మూడేళ్లుగా అలాంటి ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికి లీజంటే అదే.

ఆ రోజు నుంచి ఫోన్‌లో ఎవరడిగినా "బీటు అద్దెకిస్తాను" అంటున్నాను. మాట మోటుగా ఉంటుంది కానీ గొడవ ఉండదు. కాగితం మీద మాత్రం లైసెన్సు అని రాస్తాను, ఎందుకంటే చట్టంలో ఉన్న మాట అదే.

అద్దెకిచ్చేది ఏమిటి, అమ్మేది ఏమిటి? ఇక్కడే చాలామందిమి తికమక పడతాం. ఒక బీటులో రెండు ఆస్తులుంటాయి. ఒకటి బాణీ, అంటే మీరు కట్టిన ఆ స్వరాల వరస. చట్టం దాన్ని సంగీత కృతి అంటుంది. రెండోది రికార్డింగు, అంటే మీ ల్యాప్‌టాప్‌లోంచి ఎక్స్‌పోర్ట్ అయిన ఆ వేవ్ ఫైలు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కట్టడం వేరు, కింద స్థలంలో యూడీఎస్, అంటే విడదీయని వాటా, వేరు అన్నట్టు. 2017లో ఎస్పీ బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లింది, గుర్తుందా? అప్పుడు మా ఇంట్లోనే మూడు పార్టీలు అయ్యాయి. "పాడిన వాడికి పాడుకునే హక్కు లేదా?" అని మా అమ్మ. "బాణీ ఎవరిది మరి?" అని నాన్న. రికార్డు కంపెనీకి డబ్బు కట్టి క్యాసెట్టు కొనుక్కున్నాం కదా, ఇంకేం హక్కులు అని మా బాబాయి. ముగ్గురూ మాట్లాడుతున్నది మూడు వేరే వేరే హక్కుల గురించి. ఆ సంగతి వాళ్లకూ తెలీదు, అప్పటికి నాకూ తెలీదు.

లీజు ఇచ్చినప్పుడు ఈ రెండూ మన పేరు మీదే ఉంటాయి. వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాం, అంతే. అదే బీటుని పదిమందికీ ఇవ్వొచ్చు. ఎక్స్‌క్లూజివ్ అంటే ఇక మీదట అతనొక్కడికే. అందులోనూ రెండు రకాలు. హక్కు మన దగ్గరే ఉంచుకుని "నీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వను" అనడం ఒకటి, అది ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు. హక్కునే రాసిచ్చేయడం ఇంకొకటి, అది అసైన్‌మెంట్. కొనేవాళ్లు రెండింటినీ "ఫుల్ రైట్స్" అనే అంటారు. ఎవరైనా ఆ మాట అంటే నేను వెంటనే అడుగుతాను, "ఏ రైట్స్ బాబూ?" అని.

నా రేట్లు చెబుతాను, దాచేదేముంది. ఎంపీ3 అయితే 1,500, వేవ్ ఫైలు అయితే 2,500, స్టెమ్స్‌తో, అంటే డ్రమ్స్, బేస్, మెలడీ అన్నీ విడివిడిగా ఇస్తే 5,000. గడువు రెండేళ్లు, లక్ష స్ట్రీములు. ఏది ముందైతే అది. దాటితే మళ్లీ మాట్లాడుకుందాం. బయట దేశాల సైట్లలో ఇంకా చాలా మెట్లు పెడతారు. మన కస్టమరు మూడు దాటితే "అన్నా, ఏదో ఒకటి నువ్వే చెప్పు" అంటాడు, అందుకే మూడే.

ఇప్పుడు అసలు లెక్క. నా దగ్గర అమ్మకానికి పెట్టిన బీట్లు 64. వాటిలో 41 ఇప్పటిదాకా ఒక్కరూ ముట్టుకోలేదు. పదిహేను ఒకటి రెండుసార్లు పోయాయి. మిగిలిన ఎనిమిదే నా ఇంటి అద్దె కడుతున్నాయి. అందులో ఒకదాని ఫైలు పేరు "అడయార్ 92". అడయార్‌లో వాన పడుతున్నప్పుడు మొదలుపెట్టాను, వేగం 92 బీపీఎం, అంటే నిమిషానికి 92 దెబ్బలు, అంతే, పేరు వెనక కవిత్వమేమీ లేదు. రెండేళ్లలో అది పదకొండుసార్లు 1,500కి, మూడుసార్లు స్టెమ్స్‌తో 5,000కి పోయింది. మొత్తం 31,500. మధ్యలో ఒకాయన వచ్చి "ఎక్స్‌క్లూజివ్‌గా 20,000 ఇస్తాను, ఇప్పుడే జీపే చేస్తాను" అన్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది. ఆ క్షణంలో 20,000 ఎంత పెద్దగా కనిపిస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ సంగీత కృతి మీద కాపీరైటు మనం బతికున్నంత కాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. పాలిచ్చే గేదెని ఒక నెల పాల ధరకి అడుగుతున్నట్టు అనిపించింది. 60,000 చెప్పాను. ఆయన వెళ్లిపోయాడు. అది ఇంకా పాలిస్తూనే ఉంది.

అదే ఆ 41లో ఏదో ఒకటి ఎవరైనా 12,000కి ఎక్స్‌క్లూజివ్‌గా అడిగితే సాయంత్రానికల్లా కాగితం రెడీ చేస్తాను. హార్డ్ డిస్కులో పడుకున్న బీటు గురించి సెంటిమెంట్లు నాకు లేవు. చిక్కేమిటంటే, ఏది పాడి గేదో ఏది ఒట్టిదో చేసిన రోజున తెలీదు. అందుకని కొత్త బీటుని ఆర్నెల్లదాకా ఎక్స్‌క్లూజివ్‌గా ఎవరికీ ఇవ్వను. ఈ నియమం పెట్టుకోకముందు ఒకటి 10,000కి ఇచ్చేశాను. ఇప్పుడా పాట పెళ్లి ఊరేగింపుల్లో వేస్తున్నారు. మొన్న మా పిన్ని కూతురి పెళ్లిలో నేనే దానికి డాన్స్ చేయాల్సొచ్చింది.

లీజులో డబ్బు చిన్నది, తలనొప్పులు పెద్దవి. అన్నిటికన్నా పెద్దది కంటెంట్ ఐడీ, అంటే ఒకరి ఆడియో ఇంకొకరి వీడియోలో వినిపిస్తే పట్టుకునే యూట్యూబ్ మిషను. గుంటూరు నుంచి ఒక తమ్ముడు నా బీటు లీజుకి తీసుకుని పాట చేశాడు. పాటని డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే మ్యూజిక్ యాప్‌లన్నిటికీ పాటలు పంపే కంపెనీ ద్వారా, అన్నిచోట్లా పెట్టేటప్పుడు అక్కడొక చిన్న గడి ఉంటుంది, యూట్యూబ్ కంటెంట్ ఐడీ కావాలా అని. డబ్బులొస్తాయేమోనని టిక్ పెట్టాడు. కావాలని చేసింది కాదు. వారం తర్వాత అదే బీటు తీసుకున్న హోసూరు అమ్మాయి వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఆ అమ్మాయి నన్ను తిట్టింది, అర్థముంది. మర్నాడు నా ఛానెల్లో నేను పెట్టిన బీటు వీడియోకే క్లెయిమ్ పడింది! నా సొమ్ముకి నేనే దొంగనయ్యాను.

ఏం జరిగిందంటే, ఆ పాట రిఫరెన్సుగా యూట్యూబ్ సిస్టంలోకి వెళ్లింది. పాటలో సగం నా బీటే కదా. ఆ బీటు ఎక్కడ వినిపించినా అది గుంటూరు తమ్ముడి పాటే అని మిషను అనుకుంటుంది. యూట్యూబ్ నిబంధన ప్రకారం అసలు ఎక్స్‌క్లూజివ్ హక్కు లేని ఆడియోని కంటెంట్ ఐడీలో పెట్టకూడదు. లీజు బీటు మీద చేసిన పాట ఆ లెక్కలోకే వస్తుంది. గడి పక్కన ఈ సంగతి ఇంగ్లీషులో ఉంటుంది, ఎవరు చదువుతారు? డిస్ట్రిబ్యూటర్‌కి మెయిళ్లు పెట్టి, ఆ తమ్ముడితో పెట్టించి, అన్నీ విడిపించేసరికి మూడు వారాలు. ఇప్పుడు నా లీజు కాగితంలో మొట్టమొదటి వాక్యం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంటుంది: "కంటెంట్ ఐడీ గడిలో టిక్ పెట్టవద్దు". ధర, గడువు, స్ట్రీములు అన్నీ దాని తర్వాతే.

ఇంకొకటి చెబుతాను, ఇది చట్టంతో సంబంధం లేని గొడవ. చాకలిపేట వైపు నుంచి ఒక అయ్యప్ప భజన బృందం వచ్చారు. మాల వేసుకుని, నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండా నా గదికి మూడంతస్తులు ఎక్కి వచ్చారు. మంచి మనుషులు. ఒక బీటు నచ్చింది, లీజుకి తీసుకున్నారు, శరణు ఘోషతో బ్రహ్మాండంగా పాడారు. అదే బీటుని అంతకు రెండు నెలల ముందు తిరుపతి కుర్రాడొకడు తీసుకున్నాడు. వాడు చేసింది మందు పాట. రెండూ డిసెంబరులోనే బయటికొచ్చాయి. గురుస్వామి ఫోన్ చేశారు. కోప్పడలేదు, అదే భయమేసింది. "స్వామీ, మా పిల్లలు సన్నిధానం గురించి పాడుతుంటే వెనక నుంచి ఎవరో క్వార్టర్ బాటిల్ అంటున్నట్టు వినిపిస్తోందంట" అన్నారు. నేను తప్పు చేయలేదు, తిరుపతి వాడూ చేయలేదు. అయినా ఆయనతో "మీ లైసెన్సు నాన్ ఎక్స్‌క్లూజివ్ స్వామీ" అని చెప్పడానికి నోరు రాలేదు. వాళ్లకి వేరే బీటు చేసి 6,000కి ఎక్స్‌క్లూజివ్‌గా ఇచ్చాను, ముందిచ్చిన డబ్బు అందులో తగ్గించాను. అప్పటినుంచి భక్తి పాటలకి లీజు లేదు. పెళ్లి వీడియోకి, పార్టీల ప్రచారానికి కూడా లేదు.

ఇక ఎక్స్‌క్లూజివ్. మనవాళ్లు స్థలం కొనేటప్పుడు మొదట అడిగేది ఏమిటి? ఈసీ. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఈ స్థలం మీద ఇంతకుముందు ఎవరికైనా తాకట్టు ఉందా, ఎవరికైనా రాసిచ్చారా అని. బీటు కొనేవాడికి కూడా ఈసీ ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఇవ్వడు, మనమే రాయాలి. ఎందుకంటే ఈ రోజు మీరు ఎక్స్‌క్లూజివ్‌గా అమ్మినా, నిన్నటిదాకా ఇచ్చిన లీజులు చెల్లుతూనే ఉంటాయి. వాళ్లు డబ్బిచ్చి తీసుకున్నారు, వాళ్ల గడువు అయ్యేదాకా పాట తీసేయమనలేం. ఈ సంగతి నేను ఒకసారి కొన్నవాడికి చెప్పడం మర్చిపోయాను. రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నా, నేను నిన్న కొన్న బీటు మీద ఈ రోజు ఎవడో పాట వదిలాడు!" పాత లీజు, ఎనిమిది నెలలనాటిది. నా దగ్గర రాసిపెట్టలేదు. వాట్సాప్‌లో వెతికితే దొరికింది, అదీ "హాయ్ బ్రో"ల మధ్య.

ఇప్పుడు నోటుబుక్కు పెట్టుకున్నాను. ఇదిగో. ఎక్సెల్ కూడా ఉంది కానీ ఇదే ఎక్కువ వాడతాను. ఒక్కో బీటుకి ఒక పేజీ. తేదీ, పేరు, ఫోను, ఏ రకం, ఎప్పటిదాకా. ఎక్స్‌క్లూజివ్ అమ్మేటప్పుడు ఈ పేజీ ఫోటో తీసి, ఫోన్ నంబర్లు చెరిపేసి, అగ్రిమెంటుకి జతచేస్తాను. కొనేవాడు దాని మీద సంతకం పెట్టాలి.

సంతకం అంటే నాన్న గుర్తొస్తున్నారు. ఆయన కోడంబాక్కంలో రికార్డింగులకి వయోలిన్ వాయించేవారు. ఆయన డైరీలు మా ఇంట్లో ఉన్నాయి. తేదీ, థియేటరు, కాల్షీటు ఉదయమా సాయంత్రమా, ఎంత, ముట్టిందా లేదా. ముట్టితే పక్కన ఎర్ర టిక్కు. అన్నేళ్ల డైరీల్లో ఒక్క పాట పేరు ఉండదు. రేడియోలో ఏదో వస్తుంటే "ఈ రెండో ఇంటర్లూడ్‌లో నేనున్నాను" అనేవారు. రుజువు ఆయన చెవుల్లో మాత్రమే ఉంది.

ఆయన కొడుకునై ఉండి నేను చేసిన పని వినండి. మొదట్లో ఒకతను వాట్సాప్‌లో "8కె, ఫుల్ రైట్స్, ఓకేనా బ్రో?" అన్నాడు. అది నెలాఖరు, ఇంటి అద్దె 9,000. "ఓకే బ్రో" అన్నాను. అగ్రిమెంటంతా ఈ రెండు ముక్కలే. కొన్ని నెలల తర్వాత, తమిళుల ఆడి మాసం, టీ నగర్ రంగనాథన్ వీధి. ఆ వీధిలో ఆడి డిస్కౌంట్ రోజుల్లో నడవం కదా, జనం మోసుకెళతారు. అలా వెళుతుంటే ఒక బట్టల షాపు లౌడ్ స్పీకర్లోంచి నా బీటు. దాని మీద ఒకాయన గొంతు, "చీరలు, చుడీదార్లు, యాభై శాతం". నా స్నేర్ డ్రమ్ము దెబ్బ సరిగ్గా "యాభై" మీద పడుతోంది. ఒక పావుగంట అక్కడే నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, పైగా మిక్సింగ్‌లో బేస్ ఎక్కువ పెట్టారని కోపం.

హైకోర్టులో ప్రాక్టీసు చేసే ఒక తెలుగు లాయరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ చాట్ చదివి, "నువ్వు అసలు అమ్మనేలేదయ్యా" అన్నారు. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షను ప్రకారం హక్కు రాసిచ్చేవాడి సంతకంతో కాగితం లేకపోతే అసైన్‌మెంట్ చెల్లదు. మహా అయితే ఆ మెసేజీని లైసెన్సు అని వాదించుకోవచ్చు. ఎన్నాళ్లకి అని రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియా వరకే అనుకోవాలని కూడా ఆ సెక్షన్లోనే ఉంది. ఇంకోటి, హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది తిరిగి మనకే వస్తుంది, వేరేగా రాసుకుని ఉంటే తప్ప. మరి గెలుస్తానా సార్ అంటే, గెలవొచ్చు, నీ 8,000 మాత్రం నా గుమాస్తాకి కూడా సరిపోవు అన్నారు. కొన్నవాడితో మాట్లాడుకుని ఇంకో 12,000 తీసుకుని సంతకాలు చేసుకున్నాం. ఆ కాగితం రాయడానికి లాయరుగారు డబ్బు తీసుకోలేదు. ఆయన కొడుక్కి కీబోర్డు నేర్పాల్సొచ్చింది, అది వేరే కథ.

ఆ రోజే తెలిసిన ఇంకో సంగతి. 2012లో చట్టం మార్చారు. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో దాని కోసం గట్టిగా నిలబడ్డారు. ఆ మార్పుతో, పాట రాసిన వాళ్లూ బాణీ కట్టిన వాళ్లూ తమ రాయల్టీ వాటాని వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. హక్కు కొన్నవాడితో సమానంగా వాటా ఉంటుంది. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వలేం. కాబట్టి ఎవరైనా "నో రాయల్టీ ఫర్ఎవర్" అనే లైనుతో కాగితం పంపితే కంగారు పడకండి. పెళ్లి ఊరేగింపు పాట కాగితంలో ఆ లైను ఉంది, నా సంతకమూ ఉంది. అయితే చెల్లదన్నంత మాత్రాన డబ్బులు నడుచుకుంటూ ఇంటికి రావు. ఐపీఆర్ఎస్‌లో, అంటే పాటల రచయితలకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసిచ్చే కాపీరైట్ సొసైటీలో, సభ్యులై, పాటని మీ పేరుతో నమోదు చేసుకోవాలి. అక్కడ చేరేటప్పుడు కొన్ని హక్కులు వాళ్లకి అప్పగిస్తాం, అది ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంటులో ఒక లైనుగా ఉండాలి, లేకపోతే ఒకే స్థలం ఇద్దరికి అమ్మినట్టవుతుంది.

లూపుల గురించి ఒక్క మాట. స్ప్లైస్ లాంటి సైట్లలో కొన్న మెలడీ లూపుని, అంటే మళ్లీ మళ్లీ తిరిగే రెడీమేడ్ బాణీ ముక్కని, యథాతథంగా పెట్టి చేసిన బీటుని ఎక్స్‌క్లూజివ్ అనకండి. అదే లూపు ప్రపంచంలో ఇంకెవరైనా వాడుకోవచ్చు, దాన్ని మీరొక్కరికే ఎలా ఇస్తారు? ఇంకొకరి పాటలోంచి ముక్క కోస్తే ఇంకా కష్టం. 2019లో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చున్న "ఓల్డ్ టౌన్ రోడ్" 30 డాలర్లకి కొన్న బీటు మీద చేసిందే. ఆ బీటు చేసిన యంగ్‌కియో నెదర్లాండ్స్ కుర్రాడు. అందులో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికన్ బ్యాండు వాళ్ల రికార్డింగు ముక్క ఉంది. పాట పెద్దదయ్యాక వాళ్ల పేర్లూ రచయితల జాబితాలోకి వచ్చాయి. చిన్న పాటైతే ఎవరూ పట్టించుకోరు, నిజమే. మనం మాత్రం ప్రతి బీటూ పెద్దదవ్వాలనే కదా చేస్తున్నాం.

టీడీఎస్ గురించి చీటీ వచ్చింది. కంపెనీ కొంటే, మొత్తం హద్దు దాటితే, పది శాతం పన్ను కోసుకుని ఇస్తుంది, పాన్ ఇవ్వండి, రిటర్ను వేయండి, అంతకన్నా నన్నడక్కండి.

వెనక ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. ఏమిటి, ఇప్పటికే ఇద్దరికి లీజుకిచ్చావు, ఇప్పుడొక చిన్న సినిమావాళ్లు ఎక్స్‌క్లూజివ్‌గా అడుగుతున్నారు, 40,000 అంటున్నారు. ఆ ఇద్దరి సంగతి సినిమావాళ్లకి చెప్పావా? చెప్పలేదు. సరే. ఆ ఇద్దరూ పాటలు వదిలేశారా? ఒకరు వదిలారు, ఒకరు ఇంకా లేదు. అయితే ఆ రెండో అతనికి ఈ రాత్రే ఫోన్ చెయ్యి. "వేరే బీటు చేసిస్తాను, స్టెమ్స్‌తో సహా, ఇది వదిలేస్తావా?" అని అడుగు. చాలామంది ఒప్పుకుంటారు. మొదటి అతని పాట ఉంటుందని సినిమావాళ్లకి ముందే చెప్పు. వాళ్లు 40,000ని 30,000 చేస్తే చెయ్యనీ, నువ్వు చెప్పకుండా రిలీజు ముందు వాళ్లకే తెలిస్తే 10,000 తగ్గడంతో పోదు. అడ్వాన్సు తీసుకున్నావా? లేదు కదా, మంచిది. వాళ్ల అగ్రిమెంటు వచ్చిందా? పీడీఎఫ్ ఫోన్‌లో ఉందా? ఎన్ని పేజీలు, పద్నాలుగా? టీ వచ్చినట్టుంది. ఆ ఫోన్ ఇలా పట్టుకురా అమ్మా, ఎవరి దగ్గరైనా ఛార్జరు ఉంటే ఇవ్వండి, ఒక్కో పేజీ చదువుదాం.